చలికి కుంపటి పెట్టుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

దీపావళి వెళ్లి కార్తీక మాసం రాగానే మన చర్లపల్లిలో చలి మొదలవుతుంది. తెల్లవారుజామున డ్యూటీకి వచ్చేటప్పుడు దారి పొడవునా చలిమంటలు కనిపిస్తుంటాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మెన్, ఆటో స్టాండులో డ్రైవర్లు, మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికులు చేతులు కాచుకుంటూ ఉంటారు. 2025 జనవరిలో మన స్టేషనులో కొత్త టెర్మినల్ ప్రారంభమైన తరువాత తెల్లవారుజామున రైలు దిగి చలికి వణికేవారు కూడా ఎక్కువయ్యారు.

ఆరుబయట వేసుకునే చలిమంట గురించి మాకు పెద్ద బెంగ లేదు. చీర కొంగు, లుంగీ అంచు, చిన్నపిల్లలు మంటకు దూరంగా ఉంటే చాలు. మా బెంగంతా అదే నిప్పును గదిలోకి తెచ్చుకుని, తలుపు వేసుకుని పడుకునేవారి గురించే. ఈ నెల ఆ విషయమే మీతో మాట్లాడదలిచాము.

మనకు అంత చలి ఉంటుందా?

"ఇదేమైనా కాశ్మీరమా?" అని కొందరు నవ్వుతారు. హైదరాబాదు దక్కను పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. చలికాలంలో ఆకాశంలో మబ్బు ఉండదు, గాలిలో తేమ తక్కువ. అందుచేత పగలు ఎండ కాసినా, రాత్రి నేల వేడి త్వరగా ఆకాశంలోకి పోతుంది. 1946 జనవరి 8న నగరంలో 6.1 డిగ్రీలు నమోదైంది. అంత చలి రోజూ ఉండదు కానీ, ఊరి మధ్య కంటే శివార్లలో నాలుగైదు డిగ్రీలు తక్కువగా ఉండే రాత్రులు ప్రతి ఏడూ వస్తాయి.

పైగా మన ఇళ్లూ షెడ్లూ ఎండను తట్టుకోవడానికి కట్టినవే గాని చలికి కట్టినవి కావు. రేకుల కప్పు రాత్రిపూట త్వరగా చల్లబడి గదిని కూడా చల్లబరుస్తుంది. కింద సిమెంటు నేల, పైన రేకు, మధ్యలో ఒక పలుచటి దుప్పటి. ఇలా పడుకునేవారికి 12 డిగ్రీల చలి కూడా ఎక్కువే. వారు వెచ్చదనం కోరుకోవడం తప్పు కాదు. దానిని ఎలా తెచ్చుకుంటున్నారన్నదే ప్రశ్న.

ఆ ఉదయం జరిగినది

కొన్నేళ్ల క్రితం జనవరిలో ఒక ఉదయం ఏడు గంటలప్పుడు, నైట్ డ్యూటీ వారు రిపోర్టు ఇస్తుండగా, ముగ్గురు యువకులు మా క్యాజువాలిటీకి వచ్చారు. ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మిషన్ల మీద పని చేసి, రాత్రి అక్కడే పడుకుంటారు. ఒకరిది మహబూబ్‌నగర్ జిల్లా, మిగిలినవారిది ఒడిశా. ముగ్గురికీ తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం.

"రాత్రి ఏమి తిన్నారు?" అని అడిగాము. చికెన్ వండుకున్నామన్నారు. జ్వరం లేదు. వేలికి పల్స్ ఆక్సీమీటరు పెడితే 98 చూపించింది. కలుషిత ఆహారమే అనుకున్నాము. వాంతులకు ఇంజెక్షను ఇచ్చి, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు చేతిలో పెట్టి, కాసేపు కూర్చోబెట్టాము.

దాదాపు అరగంట గడిచింది. నేల తుడుస్తున్న ఆయమ్మ ఆగి, "ఏందయ్యా, మీ బట్టలు గింత బొగ్గు వాసనొస్తున్నయ్?" అంది.

"రాత్రి మస్తు సలి పెట్టిందమ్మా. డ్రమ్ములో బొగ్గులేసి, షట్టర్ గుంజుకుని పండుకున్నం" అన్నాడు మహబూబ్‌నగర్ అబ్బాయి.

మాకు గుండె ఆగినంత పనైంది. "అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాము. "ఒకడున్నడు సిస్టర్. లేపితే లేవలేదు. రాత్రి తాగిండు, పండుకోనీ అని వదిలి వచ్చినం."

వెంటనే డ్యూటీ డాక్టరుగారు ముగ్గురికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టించారు. డ్రైవరు, ఇద్దరు బ్రదర్లు అంబులెన్సులో వెళ్లి నాలుగో అబ్బాయిని తెచ్చారు. ఊపిరి ఉంది, స్పృహ లేదు. అతనిని ఆక్సిజన్ మీదనే పెద్దాసుపత్రికి పంపాము. ప్రాణం దక్కింది. కాని నెల తిరగకముందే అతనికి మతిమరుపు మొదలైంది. రోజూ చేతితో పట్టే పనిముట్ల పేర్లు కూడా గుర్తు రావడం లేదని తోటివారు చెప్పారు. తరువాత వారి అన్న వచ్చి ఊరికి తీసుకువెళ్లాడు.

ఆ అరగంటను మేము మరచిపోలేదు. "రాత్రి ఏమి తిన్నారు?" అని అడిగాము గాని "రాత్రి గదిలో ఏమి మండింది?" అని అడగలేదు. ఇప్పుడు చలికాలమంతా మా క్యాజువాలిటీలో తలనొప్పి, వాంతులు అని వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతాము. మీరూ అడగాలనే ఈ సంగతి దాచకుండా రాస్తున్నాము.

పొగ లేని నిప్పే ఎక్కువ మోసం చేస్తుంది

కట్టె మండితే పొగ వస్తుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, మనమే లేచి తలుపు తీస్తాము. బొగ్గుకు పొగ ఉండదు. అందుకే "ఇది మంచి నిప్పు" అనుకుని పక్కనే పెట్టుకుని పడుకుంటాము. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

బొగ్గుకు గాలి బాగా తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మనం బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నది అదే. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. కుంపటిలో అడుగున గాలి తగిలిన చోట పుట్టిన వాయువు, పైన ఎర్రగా కణకణలాడే బొగ్గుల గుండా వెళ్లేటప్పుడు కూడా కొంత కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. కొత్తగా రాజేసిన కుంపటి మీద సన్నటి నీలి మంటలు ఆడటం మీరు చూసే ఉంటారు. ఆ మండుతున్నది ఈ వాయువే. నిప్పు మీద బూడిద కప్పుకుని ఆ నీలి మంట ఆరిపోయిన తరువాత, అదే వాయువు మండకుండా గదిలోకి వస్తుంది. "నిప్పు చల్లబడింది, ఇక భయం లేదు" అని మనం నిద్రపోయేది సరిగ్గా అప్పుడే.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. వంట గ్యాసు లీకైతే తెలియాలని కంపెనీవారు దానిలో ఘాటైన వాసన కలుపుతారు. దీనికి ఆ సహాయం కూడా లేదు. గాలి కంటే కొద్దిగా తేలికైనది కనుక గదంతా కలిసిపోతుంది. మంచం మీద పడుకున్నా, నేల మీద పడుకున్నా తప్పించుకోలేము.

శరీరంలో ఏమి జరుగుతుంది?

మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుండి ఆక్సిజన్‌ను మోసుకువెళ్లే బండి లాంటిది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఆ బండిని పట్టుకుంటుంది. ఒకసారి సీటు పట్టుకుంటే లేవదు. కొద్ది పాటి వాయువైనా గంటల తరబడి పీలిస్తే బండ్లన్నీ దానితోనే నిండిపోతాయి. మెదడుకు, గుండెకు ఆక్సిజన్ చాలదు.

ముందు తలనొప్పి, తరువాత కళ్లు తిరగడం, వాంతులు, గుండె దడ, కాళ్లలో బలం లేకపోవడం వస్తాయి. ఆపైన మత్తు. మెలకువగా ఉన్నవారికి కూడా ప్రమాదమని తెలిసే సరికి లేచి నడిచే శక్తి ఉండదు. నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1902 సెప్టెంబరులో పారిస్‌లోని తన పడకగదిలో ఇలాగే మరణించారు. గదిలో బొగ్గు నిప్పు ఉంది, పొగ గొట్టం మూసుకుపోయింది. పెద్దపెద్ద భవంతులలో ఉన్నవారినే విడిచిపెట్టని ఈ వాయువు షట్టరు వేసిన రేకుల షెడ్డులో మనలను విడిచిపెడుతుందా?

గర్భిణులు ప్రత్యేకంగా గమనించాలి. తల్లికి తలనొప్పి మాత్రమే ఉన్నా, కడుపులోని బిడ్డకు అంతకంటే ఎక్కువ హాని జరగవచ్చు. చిన్నపిల్లలు, వృద్ధులు, రక్తహీనత, గుండె జబ్బు ఉన్నవారు కూడా త్వరగా దెబ్బ తింటారు.

పల్స్ ఆక్సీమీటరును నమ్మి మోసపోవద్దు

2020, 2021 కరోనా కాలంలో చాలామంది పల్స్ ఆక్సీమీటరు కొని ఇంట్లో పెట్టుకున్నారు. మంచి పరికరమే. కాని ఈ ఒక్క విషయంలో అది పనికిరాదు. హిమోగ్లోబిన్‌ను పట్టుకున్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అన్న తేడా మామూలు ఆక్సీమీటరుకు తెలియదు. రెండింటినీ కలిపి 98 అని చూపిస్తుంది. ఆ ఉదయం మేము పొరబడినది అందుకే. వేలికి 98 చూపించినా, గదిలో నిప్పు ఉండి తలనొప్పి వస్తే ఆసుపత్రికి రావలసిందే. సరైన సంగతి రక్త పరీక్షలో తెలుస్తుంది.

ఎప్పుడు అనుమానించాలి?

1. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వచ్చినప్పుడు.
2. జ్వరం లేకుండా, ఫ్లూ వచ్చినట్లు ఒళ్లంతా నీరసంగా ఉన్నప్పుడు.
3. బయటికి వస్తే తగ్గి, గదిలోకి వెళితే మళ్లీ మొదలైనప్పుడు.
4. గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూములో ఎవరైనా పడిపోయినప్పుడు. కొందరికి కాళ్లు చేతులు కొట్టుకుంటాయి. ఫిట్స్ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు వాడే ప్రమాదం కూడా ఉంది.

గ్యాస్ గీజర్ సంగతి

కుంపటి మా ఇంట్లో లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. గ్యాస్ గీజర్ కూడా మంటే. చిన్న బాత్‌రూము, మూసిన తలుపు, చలి వస్తుందని అట్టముక్క అడ్డం పెట్టిన కిటికీ. లోపల గ్యాసు మండుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. గీజరును బాత్‌రూము బయట, గాలి ఆడే చోట బిగించి, పైపు ద్వారా వేడి నీళ్లు లోపలికి తెచ్చుకోండి. అది వీలుకాని ఇంట్లో ముందే బకెట్టు నింపుకుని, గీజరు ఆపి, తలుపు కాసేపు తెరిచి ఉంచి, ఆ తరువాత స్నానానికి వెళ్లండి. మంట నీలంగా కాక పసుపుగా వస్తుంటే మెకానిక్కును పిలవండి.

బాలింత గదిలో కుంపటి

మన ఇళ్లలో బాలింతకు, పసిబిడ్డకు చలి సోకకూడదని కిటికీలకు గుడ్డలు కుక్కి, మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది. బిడ్డకు నీళ్లు పోసిన తరువాత సాంబ్రాణి పొగ వేస్తారు. అమ్మమ్మలు, నానమ్మలు ప్రేమతోనే చేస్తారు. మేము వారిని తప్పు పట్టడం లేదు. పసిబిడ్డకు చలి ప్రమాదమే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మరీ ప్రమాదం. కాని ఊపిరితిత్తులు ఇంకా లేతగా ఉన్న బిడ్డకు పొగ, కార్బన్ మోనాక్సైడ్ రెండూ విషమే. మంచం మీది నుండి జారిన దుప్పటి అంటుకుంటే కాలిన గాయాలు కూడా తప్పవు.

దానికి బదులు తల్లి ఒంటి వేడినే వాడండి. బిడ్డకు టోపీ, సాక్సులు, డయపరు మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పాలి. బిడ్డ ముఖం మాత్రం కప్పకూడదు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరపు ఆసుపత్రిలో తగినన్ని ఇంక్యుబేటర్లు లేక మొదలుపెట్టిన పద్ధతి ఇది. కంగారూ తల్లి తన పిల్లను సంచిలో పెట్టుకున్నట్లు ఉంటుంది కనుక కంగారూ సంరక్షణ అంటారు. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ కూడా పెట్టుకోవచ్చు. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం చేయించవద్దు. బిడ్డ ఒంటి వేడి 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. పాదాలు చల్లగా తగిలితే ముందు తల్లి ఒంటికి హత్తుకోండి. పాలు తాగకపోయినా, మందకొడిగా ఉన్నా ఆసుపత్రికి తీసుకురండి.

వర్క్‌షాపులలో, షెడ్లలో

మన పారిశ్రామికవాడలో పని చేసేవారు ఈ మాటలు గుర్తుంచుకోండి.

* షట్టరు వేసిన షెడ్డులో డ్రమ్ము నిప్పు, బొగ్గు, కట్టె ఏదీ వద్దు. షట్టరు కింద జానెడు సందు వదిలితే చాలదు.
* లోపల జనరేటరు నడపవద్దు. దాని పొగలో కూడా ఇదే వాయువు ఉంటుంది.
* చలిమంటలో ప్లాస్టిక్కు, కేబుల్ వైరు, టైరు ముక్కలు, రంగు పూసిన చెక్క వేయవద్దు. వాటి పొగ గొంతును, ఊపిరితిత్తులను కాలుస్తుంది.
* థిన్నరు, పెట్రోలు, నూనె పట్టిన వేస్టు కాటన్ దగ్గర ఏ నిప్పూ వద్దు. ఆరిన మంట మీద థిన్నరు పోసి మళ్లీ రాజేయడం వల్ల ముఖం కాల్చుకునేవారు ఉన్నారు.
* చలికి వేళ్లు మొద్దుబారితే లేతు, ప్రెస్సు మీద వెంటనే పని మొదలుపెట్టకండి. చేతులు రుద్దుకుని, వేడి టీ తాగి, వేళ్లు కదిలిన తరువాతే మిషను ఆన్ చేయండి. వదులు చేతి తొడుగులు, మెడలో వేలాడే మఫ్లరు తిరిగే మిషను దగ్గర ప్రమాదం.

యజమానులకు ఒక మనవి. రాత్రి షెడ్డులో పడుకునేవారు ఉంటే, మడత మంచం, మందపాటి రగ్గు ఇవ్వండి. దాని ఖర్చు మీకు పెద్ద లెక్క కాదు. ఆ రగ్గు ఉంటే డ్రమ్ములో బొగ్గు వేసే అవసరమే రాదు.

కరెంటు హీటరు వాడేవారికి

కరెంటు హీటరుతో ఏదీ మండదు కనుక కార్బన్ మోనాక్సైడ్ రాదు. కాని షార్టు సర్క్యూటు, షాకు భయం ఉంది. 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. పెద్ద మూడు పిన్నుల ప్లగ్గుకే నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. గంటకు 2 యూనిట్లు కాలుతుందని కూడా గుర్తుంచుకోండి. దుప్పటి, పరదా, పరుపు మూడు అడుగుల దూరంలో ఉండాలి. పడుకునే ముందు గది వేడి చేసుకుని, ఆపి పడుకోండి. నీళ్లు కాచే రాడ్డు విషయంలో, ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లలో చెయ్యి పెట్టండి. ఇనుప బకెట్టు వాడవద్దు.

గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచండి

రేకుల గదిని ఎంత వేడి చేసినా ఆ వేడి కప్పు నుండి పోతుంది. మనిషిని వెచ్చగా ఉంచడం చవక, క్షేమం కూడా. చలి కింది నుండి ఎక్కువగా వస్తుంది కనుక, నేల మీద ముందు అట్టలు, వాటి మీద గోనెసంచులు, ఆపైన బొంత పరచుకోండి. ఒక మందపాటి చొక్కా కంటే రెండు మూడు పలుచటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వేడి నిలుస్తుంది. మంకీ క్యాపు, సాక్సులు మరువకండి. వేడి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పడకలో పెట్టుకోవచ్చు. షుగరు ఉన్నవారు, పాదాలకు స్పర్శ తెలియనివారు మాత్రం దానిని కాళ్లకు తగలనీయకండి. రాత్రి కడుపు నిండా తినండి. మద్యం ఒళ్లు వేడి చేస్తుందనేది పొరపాటు. చర్మానికి వెచ్చగా అనిపించినా లోపలి వేడి బయటికి పోతుంది. ఇంట్లో పెద్దవారి చేతులు కాళ్లు రాత్రి ఒకసారి ముట్టుకుని చూడండి. వారికి చలి వేస్తున్నా చెప్పరు.

ప్రమాదం జరిగితే

1. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఈ వాయువు ఆగదు. ఒంటరిగా లోపలికి పోవద్దు. తోడును కేకవేసి, తలుపులు, షట్టరు పూర్తిగా తెరవండి.
2. మనుషులను ఆరుబయటికి తీసుకురండి. వీలైతే ఆ తరువాత నిప్పును కూడా బయటికి తీయండి.
3. 108కి ఫోను చేయండి. "గదిలో నిప్పు పెట్టుకుని పడుకున్నారు" అని తప్పక చెప్పండి.
4. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.
5. నిమ్మరసం, మజ్జిగ, ఉల్లిపాయ వాసన వంటివాటితో సమయం పోగొట్టకండి. దీనికి మందు ఆక్సిజనే.
6. వంట గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

మామూలు గాలిలో ఉంచితే రక్తంలోని విషవాయువు సగం తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. బిగుతైన మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో అంతే తగ్గుతుంది. కనుక "బయట గాలికి కూర్చుంటే తగ్గిపోతుంది" అని ఆగిపోకండి. ఇంటికి వెళ్లిన తరువాత కూడా కొన్ని వారాల వరకు మతిమరుపు, నడకలో తూలడం, ప్రవర్తనలో మార్పు కనిపిస్తే మళ్లీ డాక్టరుకు చూపించండి.

చివరిగా ఒక మాట. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి చలి ఇంకా పెరుగుతుంది. చదివి మడిచి పెట్టేయకండి. మీ వీధి చివర వాచ్‌మన్ గదిలో, మీ పక్క షెడ్డులో తెలుగు చదవడం రానివారు ఉంటారు. సాయంత్రం అటు వెళ్లినప్పుడు, "అన్నా, రాత్రి లోపల నిప్పు పెట్టుకుంటున్నారా?" అని ఒక్క మాట అడగండి. ఇంట్లో వాడని రగ్గు ఉంటే తీసుకువెళ్లండి. ఆ జనవరి రాత్రి ఆ నలుగురినీ ఎవరూ ఆ మాట అడగలేదు.